బిగించిన మూత

ప్రిన్సిపాల్ బల్ల మీద గాజు బీకరు పెట్టి, పామాయిలు డబ్బా నుంచి కత్తిరించిన రేకు ముక్క అందులో వేశాడు లియాఖత్ అలీ. రుమాలులో చుట్టి తెచ్చిన చిన్న సీసా బిరడా తీసి నైట్రిక్ యాసిడ్ నాలుగు చుక్కలు పోశాడు. రేకు బుసబుసమని నురుగు కక్కింది. ఎర్రటి పొగ లేచి ముక్కు దాకా వచ్చేసరికి ప్రిన్సిపాల్ కుర్చీతో సహా గోడ వరకు జరిగి, రుమాలు అడ్డం పెట్టుకుని, ముందు దాన్ని బయటపెట్టమన్నాడు.

లియాఖత్ బీకరు మీద గాజు పలక మూసి కిటికీ అవతల పెట్టి వచ్చాడు. ఆ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అతను ఇరవై ఏడేళ్లుగా అటెండరు. లెక్చరర్లు బదిలీల మీద వస్తూ పోతూ ఉంటే, ఏ సీసా ఎక్కడుందో చెప్పడానికి మిగిలింది అతనొక్కడే.

"చూసిండ్రు గదా సారూ. డబ్బాలల్ల పోస్తె తేజాబ్ క్వారీ దాక పోదు. ఊరు దాటకముందే రేకును తినేస్తది" అన్నాడు. యాసిడ్‌ను అతను తేజాబ్ అనే అంటాడు.

సోమవారం నాడు యూనివర్సిటీ వాళ్లు తనిఖీకి వస్తున్నారు. ల్యాబ్ వెనక చీకటి గదిలో పదిహేనేళ్ల నాటి పాత యాసిడ్లు, పేర్లు చెరిగిపోయిన సీసాలు, విద్యార్థులు వాడి పారబోయగా మిగిలిన ద్రావకాలు తొట్లకొద్దీ ఉన్నాయి. వెనకటికొకసారి వాటిని వాగులో పోస్తే ఆ నీళ్లు తాగి పదకొండు మేకలు చచ్చిపోయాయి. మేకల వాళ్లు కాలేజీ గేటు ముందు ఆ మేకల్ని వరసగా పరిచి కూర్చున్నారు. అప్పటి నుంచి ఏదైనా పారబోయాలంటే ఎనిమిది కిలోమీటర్ల అవతల పాడుబడ్డ రాతి క్వారీలో సున్నం చల్లి పోయాలి. అందుకు హాస్టల్లో ఉన్న పామాయిలు డబ్బాలు చాలునని ప్రిన్సిపాల్ లెక్క.

"మరి నీకేం కావాలయ్యా? బంగారు బిందెలా?"

"తెల్ల ప్లాస్టిక్ క్యాన్లు సారూ. ల్యాబుకు స్పిరిట్ వాట్లల్లనే వస్తది. మనయే ఆరు. ఐదు హాస్టలోళ్లు నీళ్లకు పట్టుకపోయిండ్రు, ఒకటి నా దగ్గరున్నది."

"అవి తెచ్చేస్తే పిల్లలు నీళ్లు దేంట్లో తాగుతారు?"

"గా డబ్బాలల్ల తాగుతరు. నీళ్లు రేకును తినయి."

ప్రిన్సిపాల్‌కు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. హాస్టల్ వార్డెన్‌కు చీటీ రాసి సంతకం పెట్టాడు. ఒకసారి తేజాబ్ పట్టిన క్యాను మళ్లీ నీళ్లకు పనికిరాదని, అక్కడే పగలగొట్టి వస్తానని లియాఖత్ గుమ్మంలోంచి చెప్పాడు. పెద్దవాళ్ల చేత సరైన పని చేయించడం అంత తేలిక కాదు. ఆ పూట అతను కాస్త ఛాతీ విరుచుకుని నడిచాడంటే తప్పు పట్టడానికి లేదు.

క్యాన్లు వచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. మోసుకొచ్చినవాడు భిక్షం. కాలేజీలో ఊడ్చేవాడు, దినకూలీ. ఐదేళ్ల కిందటి వరకు తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడే. చెట్టు మీంచి పడి మోకాలు చిప్ప పగిలాక మోకు పక్కన పెట్టి చీపురు పట్టాడు. నడిస్తే ఎడమకాలు బయటికి విసిరినట్టు పడేది. మెట్లెక్కేటప్పుడు మాత్రం చేతులు అటూ ఇటూ చాచి ఇంకా చెట్టునే పట్టుకునేవాడు.

లియాఖత్ వరండాలో ఎండలో కూర్చుని ఒక్కొక్క క్యానునూ పరీక్ష చేశాడు. మెడ దాకా నీళ్లు నింపి, మూత పెట్టి, పాత పేపరు మీద తలకిందులు చేసి, పేపరు తడుస్తుందేమో చూశాడు. ఖాళీ చేసి సూర్యుడి వైపు ఎత్తి, అతుకుల దగ్గర సన్నటి గీతలేమైనా ఉన్నాయేమో వెతికాడు. మూత మర మీద బొటనవేలు పెట్టి చుట్టూ తిప్పాడు. చివరికి రెండు చేతులతో క్యాను నడుము నొక్కి, అది మళ్లీ ఉబ్బి సరయ్యేదాకా ఆగాడు.

"సాబు, పిల్లను జూడవోయినట్టు జూస్తున్నవు" అన్నాడు భిక్షం గోడకానుకుని.

"పిల్లనైతె మీ అండాలు లెక్క నోరున్నదా లేదా అని ఒక్కటే జూస్తరు. దీనికి పది జూడాలె."

"నోరున్నది గాబట్టే నేనింక బతికున్న" అన్నాడు భిక్షం, పెళ్లాన్ని తలుచుకుని.

ఇద్దరూ నవ్వుకున్నారు. లియాఖత్ స్పిరిట్ దీపం మీద చాయ్ కాచి చెరిసగం పోశాడు. అతను తాగే గ్లాసూ, భిక్షం తాగే గ్లాసూ ఒకే అరలో బోర్లించి ఉంటాయి. ఆ కాలేజీలో భిక్షాన్ని కుర్చీలో కూర్చోమని అన్న జాగా అదొక్కటే.

గురువారం పొద్దున ఏడింటికే పని మొదలుపెట్టారు. ఉన్న ఒక్క జత రబ్బరు తొడుగులు లియాఖత్ భిక్షానికిచ్చి, తాను చేతులకు పాలిథిన్ సంచులు కట్టుకున్నాడు. ఏది దేంట్లో పోయాలో అతనికి కంఠతా వచ్చు. గంధకపు తేజాబ్ ఒక దాంట్లో, ఉప్పు తేజాబ్ రెండింట్లో, పాదరసమూ సీసమూ కలిసిన నీళ్లు ఒక దాంట్లో, పేరు తెలియనివి ఒక దాంట్లో. ఒక దాని గరాటు ఇంకొక దానికి తగలనివ్వలేదు. ప్రతి క్యాను మెడకూ అట్ట ముక్క కట్టి, దాని మీద ఎర్ర పెన్సిలుతో పేరు రాశాడు. క్యానును పైదాకా నింపకుండా నాలుగు వేళ్ల వెలితి వదిలాడు.

చివరికి మిగిలింది నైట్రిక్ యాసిడ్. అన్నింటిలోకీ దానికే కోపమెక్కువని లియాఖత్ అనేవాడు. దానికి అన్నింటికన్నా మంచి క్యాను ఇవ్వాలని తన దగ్గరున్న ఆరోది తీశాడు. హాస్టల్ పిల్లల చేతుల్లో పడనిది, గోడలు మందంగా ఉన్నది, మూత మర ఇంకా కొత్తగా ఉన్నది. అడుగున రెండు వేళ్ల మందం స్పిరిట్ మిగిలి ఉంటే వేరే సీసాలోకి వంపి, క్యానును పిట్టగోడ మీద ఎండకు బోర్లించాడు. ఈలోపు ఇద్దరూ సద్ది విప్పుకుని తిన్నారు. ఓ అరగంట తర్వాత క్యాను ఎత్తి వాసన చూశాడు. స్పిరిట్ వాసన ఏదో ఉన్నట్టుంది, లేనట్టుంది. స్పిరిట్ ఎండ సోకితే నిలిచే వస్తువు కాదు. పోయమన్నాడు.

భిక్షం గరాటు పట్టుకున్నాడు, లియాఖత్ సీసా తర్వాత సీసా వంపాడు. పొగ కళ్లకు తగలకుండా ఇద్దరూ గాలికి వీపు పెట్టి నిలబడ్డారు. పదిహేడో సీసాతో అయిపోయింది. లియాఖత్ ఖాళీ సీసాలు లోపల పెట్టి వచ్చేసరికి భిక్షం తొడుగు తీసి క్యాను నడుము మీద అరచెయ్యి ఆనించి ఉన్నాడు.

"సాబు, గిది పొంగుతాంది."

లియాఖత్ చెయ్యి పెట్టి చూశాడు. గోరువెచ్చగా ఉంది. "తేజాబ్ పోస్తె జర వేడైతది. మామూలే."

"వేడి గాదు. లోపల గుసగుస అంటాంది. కల్లు గూడ గిట్లనే షురువైతది. మొదాల ఏం దెలువది. మేము క్యానుకు మూత బిగియ్యం సాబు. సగం తిప్పి ఇడుస్తం, మూతికి ఈతాకు కుచ్చు పెడ్తం. గాలి పోవాలె. బిగిస్తె సైకిల్ మీదనే పేలుతది."

లియాఖత్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. చాయ్ తాగుతూ నవ్వే నవ్వే. "ఇది కల్లు గాదు భిక్షం. మూత వదులుంటె ట్రాలీ కుదుపులకు నీ మీదనే చిందుతది. తేజాబ్ సంగతి నాకు నువ్వు చెప్తున్నవా?"

భిక్షం మూత తీసుకుని సగం తిప్పి ఆగాడు. లియాఖత్ దగ్గరికొచ్చి, మూత చుట్టూ గుడ్డ చుట్టి, రెండు చేతులతో కిర్రుమనేదాకా బిగించాడు. పైన రబ్బరు ముక్క కప్పి పురికొసతో మెడకు కట్టాడు. కట్టు బిగువు చూసుకుని, తృప్తిగా, చేతులకున్న పాలిథిన్ సంచులు విప్పుకున్నాడు.

ట్రాక్టరు లచ్చయ్యది. ట్రాలీలో మోకాలి మందం వరిగడ్డి పరిచి క్యాన్లను అందులో కూరారు. కదలకుండా పట్టుకోవడానికి భిక్షం వాటి మధ్య కూర్చున్నాడు. లియాఖత్ లచ్చయ్య పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని, గుంత వచ్చినప్పుడల్లా నిమ్మళంగా పోనియ్యమంటూ అతని ప్రాణం తీశాడు. ఏప్రిల్ ఎండ. మోత్కూర్ రోడ్డు వదిలి బండ్లబాట పట్టాక వెనక నుంచి భిక్షం కేక వినబడింది. ఇంజను చప్పుడులో మాట తెలియలేదు. లియాఖత్ వెనక్కి తిరిగాడు. భిక్షం నైట్రిక్ క్యానును చూపిస్తూ రెండు చేతులూ దూరం దూరం జరిపాడు. ఉబ్బుతోందని. లియాఖత్ అరచెయ్యి కిందికి ఊపాడు. గట్టిగా పట్టుకొమ్మని.

ఆ చెయ్యి ఊపడం అతనికి తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో లెక్క లేదు.

భిక్షం ఇంకొక్క క్షణం చూసి ఉంటాడు. పురికొస పళ్లతో కొరికి, రబ్బరు ముక్క పీకి, మూత మీద చెయ్యి వేశాడు. టైరు పగిలినట్టు చప్పుడయింది. లచ్చయ్య బ్రేకు తొక్కాడు. ట్రాలీ మీద ఎర్రటి పొగ. పొగలోంచి భిక్షం రెండు చేతులతో మొహం పట్టుకుని వరిగడ్డి మీంచి రోడ్డు మీదకి దొర్లాడు. అరవలేదు. అరవడానికి నోరు తెరిస్తే లోపలికి పొగ పోయింది.

నీళ్లు. లియాఖత్‌కు తెలిసిందల్లా నీళ్లు. కళ్లలో తేజాబ్ పడితే పావుగంట సేపు నీళ్లు పోయాలని ల్యాబ్ గోడ మీద తనే రాసి అతికించాడు. పక్క పొలంలో మోటరు ఉంది, కరెంటు లేదు. తన వెంట తెచ్చుకున్న సీసా నీళ్లు ఒక్క పోతకే అయిపోయాయి. ఎక్కడి నుంచో నెత్తి మీద బిందెలతో ఇద్దరు ఆడవాళ్లు వస్తున్నారు. మూడు కిలోమీటర్లు నడిచి తెచ్చుకుంటున్న తాగే నీళ్లు. వాళ్లు ఏమీ అడగలేదు. ఒకామె భిక్షం తల ఒళ్లో పెట్టుకుంది, ఇంకొకామె బిందె వంచింది. లియాఖత్ వేళ్లతో రెప్పలు విప్పి పట్టుకున్నాడు. రెండు బిందెలూ అయిపోయాయి. పావుగంట కాలేదు.

శుక్రవారం పది గంటలకు ప్రిన్సిపాల్ పిలిపించాడు. భిక్షాన్ని చేర్చిన నల్లగొండ దవాఖాన నుంచి పొద్దున్నే కబురొచ్చింది, రెండు కళ్లలోనూ చూపు రాదని. ప్రిన్సిపాల్ నిజంగానే బాధపడుతున్నాడు. రాత్రంతా నిద్రపోలేదన్నాడు. తర్వాత ఒక తెల్ల కాగితం బల్ల మీద లియాఖత్ వైపు జరిపాడు.

"జరిగింది జరిగింది. ఎవరో ఒకరి పొరపాటు ఉండాలి కదా లియాఖత్. పర్మనెంటు ఉద్యోగి పొరపాటని రాస్తే నిన్ను సస్పెండ్ చేయాలి. కాలేజీ మీద కేసు. సోమవారం తనిఖీ. కూలీవాడు మూత బిగించాడు, మళ్లీ వాడే విప్పాడు అని రాస్తే ఎవరికీ ఏమీ కాదు."

"భిక్షానికి ఏమొస్తది సారూ?"

"తన పొరపాటైతే ఏమీ రాదు. ఎవరి పొరపాటైనా కళ్లయితే రావు కదా."

లియాఖత్ కాగితం తీసుకున్నాడు. రాయలేదు. రాయనని కూడా అనలేదు. రేపు ఇస్తానని చెప్పి ల్యాబ్‌లోకి పోయి తలుపు వేసుకున్నాడు.

ట్రాలీలో వెనక్కి తెచ్చిన మిగిలిన ఐదు క్యాన్లు నిండుగా గోడ వారన ఉన్నాయి. ఒక దాన్ని గచ్చు తొట్టిలోకి వంపి, సున్నపు నీళ్లతో కడిగి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టాడు. జుమ్మా నమాజుకు పోయి వచ్చి, అందులో రెండు వేళ్ల మందం స్పిరిట్ పోశాడు. నిన్న చేసినట్టే వేరే సీసాలోకి వంపాడు. నిన్న పెట్టినట్టే పిట్టగోడ మీద బోర్లించి, గడియారం చూసి అరగంట కూర్చున్నాడు. క్యాను తీసి, ఈసారి పక్కకు పడుకోబెట్టి, పట్టుకునే కాడ పైకి వచ్చేలా మెల్లగా తిప్పాడు. ఆ కాడ లోపల బోలు. బోర్లించినప్పుడు కాడ మెడకంటే కిందికి వేలాడి, అందులో స్పిరిట్ ఎటూ పోలేక నిలిచిపోయింది. ఇప్పుడది సన్నటి ధార కట్టి బీకరులోకి కారింది. చాయ్ గ్లాసులో పావు వంతు.

అది చాలు. స్పిరిట్, నైట్రిక్ యాసిడ్ కలిస్తే ఏమవుతుందో ఇరవై ఏడేళ్లుగా పిల్లలకు చెప్తున్నది అతనే. పొంగుతుంది, గాలి పుడుతుంది, దారి లేకపోతే పేలుతుంది. అన్నింటికన్నా మంచి క్యాను అని ఏరి తెచ్చి, అందులో ఆ రెండూ కలిపి, పైన మూత బిగించి, కట్టు కట్టింది తను. చెయ్యి ఆనించి లోపలి గుసగుస విన్నది చదువు రాని మనిషి. లియాఖత్ ఆ బీకరు ముందు పెట్టుకుని కూర్చుని ఏడ్చాడు. చప్పుడు బయటికి పోకుండా రుమాలు నోట్లో కుక్కుకున్నాడు.

ఇంటికి పోయేసరికి తాహేరా గడప దగ్గర బియ్యం ఏరుతోంది. భర్త మొహం చూసి చేట పక్కన పెట్టింది. మూడు ముక్కల్లో అంతా చెప్పాడు. వాళ్లు ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటారు. ఆ పూట ఏ భాషలోనైనా అవే మాటలు.

"నిజం రాస్తే నౌకరి పోతుందా?" అని అడిగింది.

"పోవచ్చు."

"రాయకపోతే?"

అతను జేబులోంచి తెల్ల కాగితం తీసి గడప మీద పెట్టాడు.

"ఈ రోజు జుమ్మాకు పోయి కూడా పోనట్టే వచ్చినవు. రాయకపోతే రేపటి నుంచి నమాజుకు ఎట్ల నిలబడతవు?" అని, ఆమె లోపలికి పోయి పెన్ను తెచ్చి ఇచ్చింది.

ఉర్దూలో చదువుకున్నవాడు, తెలుగు కూడబలుక్కుని రాస్తాడు. ఆరు వాక్యాలకు గంట పట్టింది. మూత బిగించినది నేను. బిగించవద్దని భిక్షం చెప్పినాడు. నేను వినలేదు. దారిలో మళ్లీ చెప్పినాడు. అప్పుడూ వినలేదు. క్యానులో స్పిరిట్ మిగిలి ఉండుట నా పొరపాటు. కింద సంతకం పెట్టి, తేదీ వేసి, నాలుగు మడతలు పెట్టి కమీజు జేబులో పెట్టుకున్నాడు. ప్రిన్సిపాల్‌కు ఇచ్చే ముందు ఆ మాట భిక్షానికి చెప్పాలి. అది ముందు చెప్పాల్సిన మనిషికి ముందు చెప్పాలి.

శనివారం మొదటి బస్సుకు నల్లగొండ పోయాడు. మగవాళ్ల వార్డు చివర, కిటికీ పక్క మంచం. భిక్షం మొహమంతా తెల్ల కట్టు, నోరు ఒక్కటే బయట. చేతులకు కూడా కట్లే, ఎడమ బొటనవేలు మాత్రం వదిలారు. నేల మీద కూర్చున్న అండాలు లియాఖత్‌ను చూసి కొంగు సరిచేసుకుని లేచింది. అతను తెచ్చిన బత్తాయిలు అందుకుని, కూర్చొమ్మని మంచం పక్కనున్న స్టూలు కొంగుతో తుడిచింది. ఆ మర్యాద అతనికి ముల్లులా గుచ్చుకుంది.

"జూడు సాబు, ఎట్ల జేసుకున్నడో" అంది. "నువ్వు చిలుకకు చెప్పినట్టు చెప్పినవంట గదా. మూత బిగియ్యకు భిక్షం, కల్లు లెక్క పొంగుతది, జర వదులు పెట్టు అని. సదువుకున్నోడు చెప్తె ఇనొద్దా? ఇరవయ్యేండ్లు కల్లు గీసిండు, గా మాత్రం ఎరుక లేదా మనిషికి?"

లియాఖత్‌కు ముందు అర్థం కాలేదు. "ఎవలు చెప్పిండ్రు నీకు గట్ల?"

"ఇంకెవలు, ఈయననే. నిన్న పొద్దుగూకంగ పెద్దసారొచ్చిండు, పోలీసాయన గూడ వచ్చిండు. గిదే చెప్పి కాయిదం మీద ఏలిముద్ర వెట్టిండు." ఆమె కళ్లు తుడుచుకుంది. మంచం వైపు తిరిగి, "ఇప్పుడన్న ఇంటవా ఎవలన్న చెప్తె" అంది. తర్వాత చెంబు తీసుకుని నీళ్లకు పోయింది.

లియాఖత్ స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. "ఎందుకట్ల చెప్పినవ్ భిక్షం?"

భిక్షం పెదవులు పొక్కులు పోయాయి. మాట మెల్లగా, ఒక్కొక్కటి ఏరుకున్నట్టు వచ్చింది.

"మొదాల ఉన్నదే చెప్పిన సాబు. మూత బిగియ్యొద్దని నేనే అన్న అని. సారు నవ్విండు. తేజాబ్ సంగతి నీకేం ఎరుక అన్నడు. పోలీసాయన గూడ నవ్విండు. గా దినం ఎంత తాగినవురా అని అడిగిండు." ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు గూడ నవ్వినవు గదా సాబు."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే లియాఖత్ తట్టుకునేవాడు.

"గందుకె మాట మార్చిన. నువ్వు చెప్పినవు, నేను ఇనలేదు అన్న. జప్పున రాసుకున్నరు. మళ్ల ఒక్క మాట అడగలె. నా చీపురు అండాలుకిస్త అన్నడు సారు. నువ్వు నౌకరిల ఉంటె ఆమెను జర చూసుకుంటవు. నువ్వు పోయి ఇంకెవలో వస్తె, గా గదిల ఆమెకు ఏది ముట్టుకోవాల్నో ఏది ముట్టుకోవద్దో ఎవలు చెప్తరు?"

లియాఖత్ కట్టు కట్టిన ఆ చెయ్యి పట్టుకోబోయి, నొప్పి పుడుతుందని ఆగాడు. "స్పిరిట్ ఉండె భిక్షం క్యానుల. కాడ బోలుల ఆగింది. నేను చూడలె" అన్నాడు.

"కల్లు గూడ గా కాడలనే ఆగుతది" అన్నాడు భిక్షం. "కాడను వేడినీళ్లతోని కడుగుతం మేము. నన్ను అడిగితె చెప్పకపోదునా."

అండాలు నీళ్లు తెచ్చింది. భిక్షం పెదవులకు చెంబు ఆనించి రెండు గుక్కలు తాపింది. లియాఖత్ లేచి నిలబడ్డాడు. జేబులోంచి కాగితం తీశాడు. ఒక్కొక్క మడతా విప్పాడు.

"అండాలూ, జర ఇను. ఇది నేను రాసిన కాయిదం. పెద్దసారుకు ఇయ్యబోతున్న. ముందుగాల నీకు చదువుత."

ఆరు వాక్యాలూ చదివాడు. మెల్లగా, ఒక్క అక్షరం మింగకుండా చదివాడు. మూత బిగించినది నేను అన్నచోట ఆగి, మళ్లీ మొదటి నుంచి ఆ వాక్యం చదివాడు. పక్క మంచం మీది ముసలాయన కూడా లేచి కూర్చుని విన్నాడు.

అండాలు చెంబు కింద పెట్టింది. ఆమె కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఇప్పుడు తిడుతుంది అనుకున్నాడు లియాఖత్. తిట్టాలని కోరుకున్నాడు.

"ఇంటున్నవా?" అంది ఆమె, భర్త వైపు తిరిగి. "నువ్వు జేసిన తప్పు సాబు తన మీద ఏసుకుంటుండు. నౌకరి పోయినా మంచిదని. సొంత అన్నదమ్ములు గూడ గిట్ల జెయ్యరు."

"కాదమ్మా. ఇది నిజం. ఆయన చెప్పిండు, నేను ఇనలె."

"నాకు ఎరుక లేదా సాబు. పద్దెనిమిదేండ్లు సంసారం జేసిన. ఒకలు చెప్తె ఇనే మనిషేనా ఈయన? తేజాబ్ సంగతి నీకు ఈయన చెప్తడా?"

వంగి అతని పాదాలు పట్టుకుంది. లియాఖత్ వెనక్కి జరిగాడు, గోడ తగిలింది, ఇంకా జరగడానికి జాగా లేదు. చేతిలో కాగితం ఉంది. చదవడానికి ఆమెకు అక్షరాలు రావు, భిక్షానికి అక్షరాలూ లేవు, ఇప్పుడు కళ్లూ లేవు. పక్క మంచం ముసలాయన రెండు చేతులూ ఎత్తి అతనికి దండం పెట్టాడు.

"భిక్షం, నువ్వన్న చెప్పు" అన్నాడు లియాఖత్.

భిక్షం మెల్లగా, దిండు మీద నొప్పి పుట్టకుండా, కట్టు కట్టిన మొహాన్ని గోడ వైపు తిప్పుకున్నాడు.